ఫ్లోరెన్సు మేడలో గుర్తొచ్చిన ఇల్లు

2018 మే నెలలో ఇటలీ దేశంలో జరిగిన ఒక సేవకుల కూడికకు వెళ్ళే అవకాశం ప్రభువు నాకు దయచేశాడు. విమానం ఎక్కడం నాకు అదే మొదటిసారి. కూడిక ముగిశాక, తిరుగు ప్రయాణానికి ముందు ఫ్లోరెన్సు నగరంలో ఒక రోజు మిగిలింది. ఆ రోజు చూచిన రాజభవనాన్ని గూర్చి పాఠకులతో పంచుకోవాలని చాలాసార్లు కలం పట్టుకున్నాను. పట్టుకున్న ప్రతిసారీ విడిచిపెట్టాను. ఎందుకంటే ఆ భవనం కథ చెప్పాలంటే మా ఇంటి కథ కూడా చెప్పాలి. అందులో నా తప్పు ఉంది. ఇప్పుడు మా అక్క అనుమతితో వ్రాస్తున్నాను.

మా నాన్నగారు పల్లెటూరి బడిపంతులు. ఆయన కట్టిన పెంకుటిల్లు, చుట్టూ పన్నెండు సెంట్ల దొడ్డి, ఒక బావి, అమ్మ నాటిన నిమ్మచెట్టు. మా ఆస్తి అంతే. మేము ముగ్గురం: అక్క, నేను, తమ్ముడు. బావగారు చనిపోయాక అక్క పుట్టింటికి వచ్చేసింది. పక్షవాతంతో మంచాన పడిన అమ్మను తొమ్మిదేళ్ళు అక్కే చూసుకుంది. నేను సంఘాల పనిమీద ఊరూరా తిరుగుతూ, పండుగకో పబ్బానికో వెళ్ళి, అమ్మ మంచం దగ్గర ప్రార్థన చేసి వచ్చేవాణ్ణి. 2015లో అమ్మ ప్రభువునందు నిద్రించింది.

ఆ తర్వాత మా ఊరి పక్కగా పెద్ద రోడ్డు పడింది. స్థలాల ధరలు పెరిగాయి. అమ్మేద్దామని తమ్ముడు అన్నాడు. మా అబ్బాయి ఇంజనీరింగు చదువు ముందుంది గనుక ఆ మాట నాకూ తియ్యగానే వినిపించింది. "అక్కకు పెళ్ళప్పుడే ఇవ్వవలసింది ఇచ్చేశారుగదా" అన్నాడు తమ్ముడు. నేను ఔననలేదు. కాదని కూడా అనలేదు. ఆ మౌనమే నా పాపం.

తెలియక చేశానని చెప్పడానికి వీల్లేదు. క్రైస్తవులమైన మనకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం తల్లిదండ్రుల ఆస్తిలో కొడుకుకెంతో కూతురికీ అంతే. ఆ చట్టం మాట అటుంచినా, సంఖ్యాకాండంలో సెలోపెహాదు కుమార్తెలు మోషే ఎదుట నిలబడి తమ స్వాస్థ్యం అడిగిన సంగతి మీద నేను ఎన్ని స్త్రీల కూడికల్లో ప్రసంగించానో! అయినా ప్రయాణానికి ముందురోజు లాయరుగారి గుమాస్తా తెచ్చి ఇచ్చిన హక్కు విడుదల దస్తావేజు నకలు నా సంచిలో పెట్టుకున్నాను. తిరిగి వచ్చిన వారంలో రిజిస్ట్రేషను. అక్క సంతకం పెడతానంది. చదివి చూడమని కాగితం ఇస్తే, "నువ్వు చదివావుగా తమ్ముడూ" అంది. అని, లోపలికి వెళ్ళి దారిలో తినమని ఒక సీసాడు నిమ్మకాయ పచ్చడి తెచ్చి ఇచ్చింది.

ఇలా ఒక కాగితం, ఒక పచ్చడి సీసా పట్టుకుని ఇటలీ వెళ్ళాను.

ఫ్లోరెన్సులో నన్ను కలుసుకున్నది మన గోదావరి ప్రాంతపు సోదరి ఒకామె. అక్కడ ఒక వృద్ధురాలిని కనిపెట్టుకుని ఉండే పని చేస్తున్నారు. వారంలో ఒక పూట సెలవు. ఆ సెలవు నాకోసం వెచ్చించారు. పచ్చడి సీసా చేతిలో పెడితే ఆమె కళ్ళు చెమర్చాయి. "అయ్యగారూ, మీకు మెడిచి దొరల మేడ చూపిస్తాను. పిట్టి మేడ అంటారు. ఇక్కడ నాకు మనసు బాగాలేనప్పుడల్లా దాని తోటలో కూర్చుంటాను" అన్నారు.

ఆర్నో నది మీద పోంతె వెక్కియో అనే పాత వంతెన దాటి వెళ్ళాము. వంతెనకు రెండు వైపులా బంగారపు దుకాణాలు. ఒకప్పుడు అక్కడ మాంసం కొట్లు ఉండేవట. 1593లో పాలకుడు వాటిని తీసివేయించి కంసాలులను పెట్టించాడు. దుకాణాల పైకప్పుల మీదుగా పొడవాటి మూసిన దారి ఒకటి పోతోంది. 1565లో వసారి అనే వాస్తుశిల్పి అయిదు నెలల్లో కట్టించిన దారి అది. ప్రభువు కోసిమో తన మేడనుంచి కచేరీకి వీధిలో కాలుపెట్టకుండా, ప్రజల కంటపడకుండా నడిచి వెళ్ళేందుకు. తన ప్రజలంటేనే భయపడే పాలకుడు ఎంత ఒంటరివాడో అనుకున్నాను. మేము వెళ్ళిన నాటికి ఆ దారి మూసి ఉంది. 2024 డిసెంబరులో సందర్శకులకు మళ్ళీ తెరిచారు.

వంతెన దాటి కొద్దిదూరం నడిస్తే ఎదుట పిట్టి మేడ. వాలుగా ఉన్న రాతి మైదానం చివర, కొండను చెక్కి నిలబెట్టినట్టుగా బండరాళ్ళ గోడ. అందం కంటే బరువు ఎక్కువ కనిపించింది.

దాన్ని మొదలుపెట్టినవాడి పేరు లూకా పిట్టి. సొమ్ముల వ్యాపారి. ఆ రోజుల్లో ఫ్లోరెన్సులో మెడిచి కుటుంబానిదే పెత్తనం. ఊళ్ళో మరే పౌరుడికీ లేనంత పెద్ద ఇల్లు తనకు ఉండాలని 1458లో లూకా పని ప్రారంభించాడు. ఆ కాలపు చరిత్ర వ్రాసిన మాకియవెల్లి చెప్పేదాన్నిబట్టి, లూకా అధికారంలో ఉన్నన్నాళ్ళు ఊరంతా కానుకలు మోసుకొచ్చారు. 1466లో మెడిచిల మీద జరిగిన కుట్రలో చేరి, మళ్ళీ చివరికి మాట మార్చి, ఇటూ అటూ కాకుండా పోయాక దారిలో పలకరించేవాడు లేడు. కానుకలిచ్చినవారే అవి అప్పుగా ఇచ్చామని తిరిగి అడిగారు. మేడ పని ఆగిపోయింది. 1472లో లూకా చనిపోయేనాటికి అది పూర్తికాలేదు.

పాఠకులారా, గోపురం కట్టబోయేవాడు ముందు కూర్చుని లెక్క చూసుకోవాలని యేసు ప్రభువు చెప్పిన ఉపమానం మనకు లూకా సువార్తలోనే ఉంది. ఈ లూకా ఆ లూకాను చదివాడో లేదో అనుకుని నవ్వుకున్నాను. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. నా సంచిలో కాగితం ఉంది.

లోపల మేడమీద చిత్రశాల. వరుస గదులకు శుక్రుడు, అపొల్లో, అంగారకుడు, బృహస్పతి, శని అని పేర్లు. పైకప్పుల నిండా బంగారు పూత బొమ్మలు. మన మ్యూజియాల్లోలాగ కాలక్రమంలో కాకుండా, గోడలు కనపడకుండా కిందినుంచి పైదాకా ఒకదానిమీద ఒకటి బంగారు చట్రాల్లో చిత్రాలు. ప్రభువులు తమ ముచ్చట కొద్దీ ఎలా తగిలించారో అదే పద్ధతిని నిలుపుకున్నారు. చూస్తూ చూస్తూ నాకు మెడ నొప్పి పట్టింది. ఏ చిత్రమూ మనసులో నిలవలేదు.

శని పేరున్న గదిలో మాత్రం నిలబడిపోయాను. పళ్ళెమంత గుండ్రని చిత్రం. కుర్చీలో కూర్చున్న తల్లి, తలకు చారల గుడ్డ, భుజాలమీద పచ్చని శాలువ. ఒళ్ళో బిడ్డను గట్టిగా పొదువుకుని మనవైపు చూస్తోంది. పక్కన చేతులు జోడించిన చిన్న యోహాను. రఫాయేలు 1513, 1514 ప్రాంతంలో వ్రాసిన చిత్రం. అది నాకు కొత్త కాదు! మా ఇంట్లో నడిమి గదిలో, అమ్మ మంచానికి ఎదురుగా, ఒక పాత క్యాలెండరు బొమ్మకు నాన్నగారు అద్దం కట్టించి తగిలించారు. ఆ బొమ్మ ఇదే. చిన్నప్పుడు నేను అందులోని తల్లిని మా పేటలో పాలు పోసే అమ్మాయి అనుకునేవాణ్ణి. చివరి తొమ్మిదేళ్ళు అమ్మ కళ్ళెదుట ఉన్నవి రెండే: ఈ బొమ్మ, మా అక్క.

"1799లో ఫ్రెంచి సైన్యం దీన్ని పారిస్‌కు పట్టుకుపోయింది అయ్యగారూ. 1815లో మళ్ళీ తెచ్చుకున్నారు" అన్నారు సోదరి. నేను జవాబు చెప్పలేదు. గొంతు పట్టేసింది.

అదే భవనంలో దుస్తుల మ్యూజియం ఉంది. ఆనాడు అక్కడ మసక వెలుతురులో, అద్దాల పెట్టెల్లో, పడుకోబెట్టినట్టు పరచి ఉంచిన కొన్ని బట్టలు చూచాము. ఈ మేడను 1549లో పిట్టి వంశంవారి దగ్గర కొన్నది ఎలెయొనోరా అనే ఆమె. నేపుల్సు రాజప్రతినిధి కుమార్తె, ఫ్లోరెన్సు ప్రభువు కోసిమో భార్య, పదకొండుమంది బిడ్డల తల్లి. మేడను పెంచే పని, వెనుక కొండవాలున బోబొలి తోట వేసే పని ఆమె కొన్న తర్వాతనే మొదలయ్యాయి. ఆ పెద్ద ముంగిలి పూర్తి కాకముందే, 1562 చలికాలంలో, ప్రయాణంలో ఉండగా మలేరియా జ్వరం తగిలి నలభయ్యేళ్ళకే చనిపోయింది. కొన్ని వారాల తేడాలో ఆమె ఇద్దరు కుమారులూ ఆ జ్వరంతోనే పోయారు. 1947లో సమాధులు తెరిచినప్పుడు తీసిన బట్టలు ఏళ్ళ తరబడి బాగుచేసి అక్కడ పెట్టారు. ఎలెయొనోరా పట్టు గౌను, పదిహేనేళ్ళ కుమారుడు గార్జియా కోటు. పట్టు రంగు పోయి ఎండుటాకులా అయింది. సగం చోట్ల గుడ్డే లేదు.

ఎన్నో సమాధి కార్యక్రమాలు జరిగించినవాణ్ణి. మనతో ఏమీ రాదని గోతి ఒడ్డున నిలబడి ఎన్నోసార్లు చెప్పినవాణ్ణి. ఆ మాట అలా కంటికి కనిపించడం అదే మొదలు. మేడ ఉండిపోయింది. ఒంటిమీద బట్ట కూడా చివరికి మేడకే తిరిగి వచ్చింది. ఆమె మాత్రం లేదు.

బయటికి వచ్చి తోటలో మెట్లమీద కూర్చున్నాము. మేడ వెనుక గుర్రపునాడా ఆకారంలో పెద్ద ఆవరణ. మధ్యలో ఈజిప్టునుంచి రోముకు, రోమునుంచి 1790లో ఇక్కడికి చేరిన రాతి స్తంభం. దాని ముందు పాత రోమా స్నానశాలల నుంచి తెచ్చిన రాతి తొట్టి. కత్తిరించిన పొదలు, రెండు వైపులా సైప్రస్ చెట్లు కాపలా ఉన్న వాలు దారి, నీళ్ళ కుంటలు. కుండీల్లో నిమ్మ, నారింజ మొక్కలు వందలకొద్దీ. మన నిమ్మ ఎక్కడైనా బతుకుతుంది. ఆ దేశపు చలికి అది తట్టుకోలేదు. అందుకని 1777, 1778 ప్రాంతంలో నిమ్మచెట్ల కోసమే ఒక పొడవాటి ఇల్లు కట్టించారు. చలి మొదలుకాగానే కుండీలన్నీ అందులోకి, వేసవికి మళ్ళీ బయటికి.

"నిమ్మచెట్టుకు ఇల్లా!" అన్నాను.

"ఆ ఇల్లు ఇంకా చాలా చేసింది అయ్యగారూ" అంటూ సోదరి చెప్పుకొచ్చారు. 1966 నవంబరులో ఆర్నో నది పొంగి ఊరు మునిగింది. చర్చిల్లో, మ్యూజియాల్లో నీళ్ళు నానిన చెక్క చిత్రాలు ఒక్కసారిగా ఆరితే రంగు పెచ్చులు రాలిపోతాయి. వాటిని ఈ నిమ్మ ఇంట్లో పెట్టి, గాలిలో తేమను కొద్దికొద్దిగా తగ్గిస్తూ రోగులను చూసినట్టు చూశారు. అంతకు ముందు 1944 ఆగస్టులో, జర్మను సైన్యం వెనుదిరుగుతూ పాత వంతెన ఒక్కటి విడిచి మిగతా వంతెనలన్నీ పేల్చివేసినప్పుడు, నది ఒడ్డున ఇళ్ళు ఖాళీచేసిన జనం వేలమంది ఈ మేడలోనే తలదాచుకున్నారు. పిల్లలు, ముసలివాళ్ళు, వంట పొయ్యిలు, ఆరేసిన బట్టలు.

"ఇంత మేడ ఇన్నాళ్ళు ఎలా నిలిచింది? అమ్ముకోలేదా? పంచుకోలేదా?" అని అడిగాను. అడగడం వెనుక నా దొంగ మనసు ఉంది.

"ఒక ఆడమనిషి వల్ల నిలిచింది" అన్నారామె.

అన్నా మరియా లూయీసా. మెడిచి వంశంలో చివరిది. 1667లో పుట్టింది. జర్మను దేశపు ప్రభువును పెళ్ళాడి, బిడ్డలు లేక, 1716లో భర్తను పోగొట్టుకుని మరుసటి ఏడు పుట్టింటికి తిరిగి వచ్చింది. తమ్ముడు జాన్ గస్తోనేకు కూడా సంతానం లేదు. ఆమెకు రాజ్యం దక్కాలని తండ్రి ప్రయత్నించాడు గాని ఐరోపా రాజులు పడనివ్వలేదు. తమలో తాము మాట్లాడుకుని రాజ్యాన్ని లొరేన్ వంశంవారికి ఇచ్చుకున్నారు. 1737లో తమ్ముడు చనిపోయాడు. రాజ్యం పరులకు పోయింది. కాని మూడు వందల ఏళ్ళుగా ఆ కుటుంబం పోగుచేసిన చిత్రాలు, శిల్పాలు, గ్రంథాలు, నగలు ఆమె చేతిలో ఉన్నాయి. అమ్ముకోవచ్చు, వెంట తీసుకుపోవచ్చు. ఆమె ఆ ఏడు అక్టోబరు 31న కొత్త ప్రభువుతో ఒక ఒప్పందం వ్రాయించింది. సొత్తంతా వారికి అప్పగించింది గాని ఒక షరతు పెట్టింది: అందులో ఏదీ ఈ ఊరు దాటిపోకూడదు, అవి ప్రజల మేలుకోసం, పరదేశులు చూడటానికి వచ్చేందుకు ఇక్కడే ఉండాలి. 1743 ఫిబ్రవరి 18న ఈ మేడలోనే కన్నుమూసింది. ఏటా ఆ తేదీన ఊరి పురపాలక మ్యూజియాలకు టిక్కెట్టు ఉండదు.

"ఆ ఒప్పందాన్ని ఏమంటారు?" అన్నాను.

"కుటుంబ ఒప్పందం అంటారు అయ్యగారూ."

నేను సంచి దగ్గరికి లాక్కున్నాను. నా దగ్గరా ఒక కుటుంబ ఒప్పందం ఉంది. భర్త పోయి పుట్టింటికి వచ్చిన ఆడపడుచు, లెక్కలోకి రాని వారసురాలు. ఆ మేడ కట్టినవాడికి దక్కలేదు, కొన్న ఆమెకు దక్కలేదు. రాజ్యానికి పనికిరాదని పక్కనపెట్టిన ఆడబిడ్డే దాన్ని కాపాడింది. నేనా, కాపాడిన మనిషి చేతనే విడుదల పత్రం వ్రాయిస్తున్నాను. పైగా ఆమె పచ్చడి తింటూ. పరదేశులు వచ్చి చూడాలని ఆ దొరసాని కోరిన పరదేశుల్లో నేనూ ఒకణ్ణి. దేవుడు నన్ను అంతదూరం తీసుకెళ్ళి చెప్పవలసి వచ్చింది. ఇంటిదగ్గర చెబితే విననివాణ్ణని ఆయనకు తెలుసు.

ఆ సోదరితో అంతా చెప్పాను. ఒక సేవకుడు విశ్వాసి ఎదుట అలా ఒప్పుకోవడం నాకు సులభం కాలేదు. ఆమె నన్ను తీర్పు తీర్చలేదు. తన ఫోను తీసి, "అక్కగారి నెంబరు చెప్పండి" అంది.

మన దేశంలో అప్పటికి రాత్రి. అక్క నిద్రమత్తులో ఉంది. "అక్కా, ఇల్లు అమ్మడం లేదు. నా వాటా కూడా నీదే" అన్నాను. కాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత, "పచ్చడి పాడైపోలేదుగా?" అంది.

ఇది చదివి అంతా సుఖాంతమైందని అనుకోకండి. తమ్ముడు నామీద మండిపడ్డాడు. "నీ పరిశుద్ధతకు నా పిల్లలు బలి కావాలా?" అన్నాడు. ఆ మాటలోనూ కొంత న్యాయం ఉంది. అతనికి అవసరాలున్నాయి. ఏడాదిన్నర నాతో మాట్లాడలేదు. మా అబ్బాయి చదువుకు బ్యాంకు అప్పు తెచ్చాను. ఇప్పటికీ కడుతున్నాను. నెల చివర మా ఇంట్లో ఆ విషయం మీద మాట పట్టింపులు రాలేదని చెప్పను.

2020లో లాక్‌డౌన్ వచ్చింది. హైదరాబాదులో తమ్ముడి ఉద్యోగం పోయింది. అద్దె కట్టలేక, భార్యాబిడ్డలతో అతను చేరుకున్నది ఆ పెంకుటింటికే. నాలుగు నెలలు ఉన్నారు. అక్క ఒక్కరోజు కూడా పాతమాట ఎత్తలేదట. పిల్లలు నడిమి గదిలో ఆ గుండ్రని బొమ్మ కింద పడుకునేవారు. తిరిగి వెళ్ళేముందు తమ్ముడే నాకు ఫోను చేశాడు. "అన్నయ్యా, ఆ కాగితం ఏదో వ్రాయించు" అన్నాడు. అక్క ఉన్నంతకాలం ఇల్లు అమ్మకూడదని, ముగ్గురిలో ఎవరికి కష్టమొచ్చినా తలుపు తీసి ఉండాలని, ముగ్గురం సంతకాలు పెట్టాము. ఆ రెండో షరతు కోర్టులో నిలబడుతుందో లేదో అని లాయరుగారు సందేహించారు. అక్క మాత్రం అదే ముందు వ్రాయమంది.

ప్రియమైన పాఠకులారా, మీలో చాలామంది ఇళ్ళలో ఇలాంటి కాగితం ఒకటి బీరువాలో ఉండి ఉంటుంది. సంతకం పెట్టనిదో, పెట్టించుకోకూడనిదో. రేపు ఆదివారం ఆరాధనకు వెళ్ళేముందు ఒకసారి తీసి చూడండి. అందులో ఎవరి పేరు లేదో చూడండి.

ఫ్లోరెన్సులో ఆ గుండ్రని చిత్రం పోస్టుకార్డు ఒకటి కొని అక్కకు తెచ్చాను. అసలైన రంగులు అందులో బాగా వచ్చాయి, పాత క్యాలెండరు బొమ్మ తీసేసి ఇది కట్టించుకోమన్నాను. అక్క రెండూ పక్కపక్కన పెట్టి చూసింది. "ఇది బాగానే ఉంది తమ్ముడూ. కాని అమ్మ చూసింది దాన్ని" అంది. పాతదే ఇంకా ఆ మేకుకు ఉంది.